గ్రీన్‌హౌస్‌లో పెట్టిన కొమ్మలన్నీ మొదలు నల్లబడి పోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: ఇంటి వెనక పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పుతో చిన్న గ్రీన్‌హౌస్ కట్టుకున్నాను. ఏళ్ల తరబడి సేకరించుకున్న విదేశీ మొక్కల నుంచి కొమ్మలు తీసి కొత్త మొక్కలు చేసుకోవాలని కోరిక. నాలుగు నెలల్లో ఇరవై ఆరు పెట్టాను. మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, హోయా, రబ్బరు మొక్క, క్రోటన్, యూఫోర్బియా, పసుపు అంచు స్నేక్ ప్లాంట్ ఆకులు. వెడల్పాటి ట్రేలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపి, వేర్ల పొడి దట్టంగా అద్ది గుచ్చుతున్నాను. రోజుకు నాలుగుసార్లు స్ప్రే చేస్తున్నాను. రెండు వారాలు నిగనిగలాడతాయి. తర్వాత మొదలు నల్లబడి, మెత్తబడి, పట్టుకుంటే ఊడి వస్తాయి. రెండు హోయాలు మాత్రం మిగిలాయి. నీళ్ల సీసాలో పెట్టిన మాన్‌స్టెరా ఆకు ఒకటి ఉంది. దానికి బోలెడన్ని వేర్లు వచ్చి మూడు నెలలైంది, చిగురు రాదు. నా హస్తవాసి మంచిది కాదేమోనని అనిపిస్తోంది. ఇంకో మాట, బంధువులు విదేశం నుంచి వస్తూ కొన్ని కొమ్మలు తెస్తామంటున్నారు. తెప్పించుకోవచ్చా? (పేరు రాయవద్దని కోరారు)

సమాధానం: హస్తవాసి మాట పక్కన పెట్టండి. రెండు వారాలు ఆకులు నిగనిగలాడాయంటే మీరు తీసిన కొమ్మల్లో సత్తువ ఉంది, కోత బాగానే ఉంది. ఆకులు ముందు వాడి, తర్వాత కొమ్మ చస్తే గాలిలో తేమ చాల్లేదని అర్థం. మీ కొమ్మలు కింద నుంచి చస్తున్నాయి. అంటే తేమ ఎక్కడ ఉండకూడదో అక్కడ ఉంది. మీరు ప్రేమగా రోజుకు నాలుగుసార్లు చేస్తున్న ఆ స్ప్రేనే వాటి ప్రాణం తీస్తోంది. వినడానికి బాధగా ఉంటుందని తెలుసు. కానీ సరిదిద్దుకోవడానికి ఇంతకంటే తేలికైన తప్పు ఈ పనిలో మరొకటి లేదు.

కోసిన కొమ్మ పరిస్థితి ఒక్కసారి ఊహించండి. ఆకులు ఎప్పటిలాగే నీటిని ఆవిరిగా వదులుతుంటాయి, కింద వేర్లు లేవు. కోసిన చోటు నుంచి కాస్త నీరు పీలుస్తుంది గానీ, వేర్లు అందించేదానితో పోలిస్తే అది ఏ మూలకూ రాదు. అందుకే ఆకుల చుట్టూ గాలి తేమగా ఉండాలి, అప్పుడు పోయే నీరు తగ్గుతుంది. కోత మొదలు సంగతి వేరు. అక్కడ కొత్త కణాలు పుట్టాలి, అవి వేర్లుగా మారాలి. ఆ పనికి ఆక్సిజన్ కావాలి. తడిసి ముద్దయిన కోకోపీట్‌లో గాలి ఆడదు. ఊపిరాడని మొదలు మీద పిథియం లాంటి బూజు జాతులు దాడి చేస్తాయి. పిథియం బీజాలు నీళ్లలో ఈదగలవు. ఒకే ట్రేలో అన్ని కొమ్మలూ పెట్టారు కాబట్టి, ఒక మూల మొదలైన కుళ్లు తడిలో ఈదుకుంటూ మరో మూలకు చేరింది. మీ ఇరవై నాలుగు కొమ్మలూ విడివిడిగా చచ్చి ఉండవు, ఒకదాన్నుంచి ఒకటి అంటించుకుని పోయి ఉంటాయి.

ట్రే వెడల్పుగా, లోతు తక్కువగా ఉండటం కూడా నష్టమే చేసింది. ఇది నమ్మడానికి కష్టంగా ఉంటుంది కాబట్టి ఒక స్పాంజి తీసుకుని చూడండి. దాన్ని బాగా తడిపి అరచేతిలో పరుపులా పడుకోబెట్టి పట్టుకోండి. నీరు కారి కారి ఆగిపోతుంది. ఇప్పుడు అదే స్పాంజిని నిలువుగా నిలబెట్టండి. ఇంకాస్త నీరు కారుతుంది. కుండీ అడుగున ఎప్పుడూ కొంత మందాన తడి పొర నిలిచిపోతుంది, ఎన్ని చిల్లులు పెట్టినా అది దిగదు. ఆ పొర మందం కుండీ ఎత్తుతో మారదు. పన్నెండు సెంటీమీటర్ల లోతు గ్లాసులో కొమ్మ మొదలు ఆ పొరకు పైన ఉంటుంది. ఐదు సెంటీమీటర్ల ట్రేలో సరిగ్గా ఆ పొరలోనే మునిగి ఉంటుంది.

ఇక చలి సంగతి. తడి ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది. నాలుగుసార్లు తడిసే కోకోపీట్ చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. గ్రీన్‌హౌస్ పైకప్పు కింద మాత్రం మధ్యాహ్నానికి వేడి పోగవుతుంది. అంటే మీ కొమ్మలకు తల వేడిగా, కాళ్లు చల్లగా ఉన్నాయి. కావలసింది దీనికి తిరగబడిన ఏర్పాటు. ఉష్ణమండలపు మొక్కలకు మొదలు దగ్గర 22 నుంచి 25 డిగ్రీలు, ఆకుల దగ్గర రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉంటే ముందు వేర్లు కదులుతాయి, తర్వాత చిగుళ్లు. తల వేడిగా ఉంటే కొమ్మ తనలో దాచుకున్న ఆహారాన్ని చిగురు మీద ఖర్చు పెడుతుంది. వేరు లేని చిగురు పది రోజుల ముచ్చటే.

మీరు గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ గురించి రాయలేదు గానీ, ఉంటే పొద్దున్నే చూసి తొంభై శాతం ఉందని నిశ్చింతగా ఉంటూ ఉండొచ్చు. చాలామంది అక్కడే పొరబడతారు. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 30 డిగ్రీల దగ్గర సుమారు 30 గ్రాములు పట్టుకోగలదు. తెల్లవారుజామున 20 డిగ్రీల్లో తేమతో నిండిపోయిన గాలే, మధ్యాహ్నం 30 డిగ్రీలకు వేడెక్కితే 57 శాతం దగ్గరకు పడిపోతుంది. ఒక్క చుక్క నీరు బయటికి పోకుండానే పొడి గాలి అయిపోయినట్టు. కాబట్టి మొత్తం గ్రీన్‌హౌస్‌ను తేమగా ఉంచాలని తాపత్రయపడకండి. అంత గాలిని తడిపి నిలబెట్టడం మనవల్ల కాదు, పైగా లోపలున్న పెద్ద మొక్కలకు ఆకుమచ్చ తెగుళ్లు వస్తాయి. గ్రీన్‌హౌస్ లోపల ఇంకో చిన్న గ్రీన్‌హౌస్ పెట్టుకోండి.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1829లో లండన్‌లో నెథానియల్ వార్డ్ అనే వైద్యుడు ఒక సీతాకోకచిలుక జాతి పురుగు గూడును తడి మట్టితో పాటు మూతపెట్టిన సీసాలో ఉంచాడు. పురుగు కోసం చూస్తుంటే మట్టిలోంచి ఒక ఫెర్న్, ఒక గడ్డి మొలిచాయి. ఊరి పొగకు బయట తోటలో బతకని ఫెర్న్ సీసాలో హాయిగా పెరిగింది. ఆవిరైన నీరు గాజు మీద పట్టి మళ్లీ మట్టిలోకే దిగుతోంది. 1833లో ఆయన గాజు పెట్టెల్లో మొక్కలు పెట్టి ఓడలో సిడ్నీకి పంపితే, నెలల ప్రయాణం తర్వాత కూడా అవి బతికే చేరాయి. సముద్రాలు దాటి మొక్కలు మారిన కథలో ఆ పెట్టెల పాత్ర చాలా పెద్దది. మీకు కావలసింది అచ్చంగా ఆ పెట్టే. పారదర్శకంగా ఉన్న మూత డబ్బా చాలు. లేదా ట్రే మీద తీగలు వంచి గుడారంలా పాలిథిన్ కప్పండి, ఆకులకు తగలకుండా. పాలిథిన్ కాస్త ఏటవాలుగా ఉంటే పట్టిన చుక్కలు ఆకుల మీద పడకుండా పక్కలకు జారిపోతాయి.

పెట్టె లోపల కొమ్మలు ఒక్కొక్కటీ విడి గ్లాసులో ఉండాలి. అడుగున చిల్లులు పెట్టిన పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసులైతే వేర్లు బయటికే కనిపిస్తాయి. ఆ లాభం ఎంతటిదో కింద చెబుతాను. నింపడానికి రెండు వంతుల పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తేలికైన తెల్లటి రాతి గుళికలు), ఒక వంతు కోకోపీట్. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండి వాడండి. పెర్లైట్ దొరక్కపోతే కడిగిన ముతక ఇసుక. మిశ్రమాన్ని గుప్పిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువ. కొమ్మ గుచ్చాక ఒక్కసారి నీళ్లు పోసి, పూర్తిగా కారిపోనిచ్చి పెట్టెలో పెట్టి మూత వేయండి. ఆ తర్వాత స్ప్రే సీసా ముట్టుకోవద్దు. రోజూ ఉదయం మూత తీసి పది నిమిషాలు గాలి మార్చండి, రాలిన ఆకు ఉంటే అప్పుడే తీసేయండి. పెట్టె గోడకు లోపల సన్నటి ఆవిరి పట్టి ఉంటే సరిపోయింది. పెద్ద పెద్ద చుక్కలు కారుతుంటే మూత ఒక గంట తెరిచి ఉంచండి. గోడ పూర్తిగా పొడిగా ఉంటేనే గ్లాసు ఎత్తి బరువు చూసి, తేలికైతే అడుగు నుంచి కొద్దిగా నీరు పీల్చనివ్వండి.

మూసిన పెట్టె మీద నేరుగా ఎండ పడితే లోపల ఆకులు ఉడికిపోతాయి. గంట కూడా పట్టదు. 50 నుంచి 70 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కింద, వెలుతురు బాగా వచ్చే చోట పెట్టండి. అలాగని చీకటి మూల వద్దు. వేర్లు పుట్టడానికి కావలసిన చక్కెర ఆ ఆకులే తయారు చేయాలి. రాత్రి చల్లబడే రోజుల్లో పెట్టె కింద థర్మోస్టాట్ ఉన్న హీట్ మ్యాట్ వేసుకోవచ్చు. అయితే థర్మోస్టాట్‌కు ఉండే, వేడిని కొలిచే తీగ కొస గాలిలో వేలాడకుండా గ్లాసులోని మిశ్రమంలో దిగి ఉండాలి. మొదలు దగ్గర 30 డిగ్రీలు దాటితే వేరు కంటే కుళ్లే ముందు వస్తుంది. వేడి రోజుల్లో మ్యాట్ అక్కర్లేదు.

ఇప్పుడు మీకు నా సొంత నష్టం ఒకటి చెప్పాలి. మొదట్లో నేను పద్దెనిమిది క్రోటన్ కొమ్మలు పెట్టి, పన్నెండో రోజున ఆత్రం ఆపుకోలేక ఒకటి పైకి లాగాను. మొదలు చుట్టూ తెల్లటి గరుకు పొర కట్టి ఉంది, ఆవగింజల్ని పక్కపక్కనే అతికించినట్టు. దాన్ని భూతద్దం కింద పెట్టి చూశాను. ఆ గరుకులోంచి ఒకచోట గాజు పలుకులా మెరుస్తూ ఒక మొన బయటికి వచ్చింది, మిల్లీమీటరు ఉంటుందేమో. అదే మొదటి వేరు. సంతోషం పట్టలేక మిగతావీ ఒక్కొక్కటిగా లాగి చూసి మళ్లీ గుచ్చాను. ఆ మొనలు ముట్టుకుంటే విరిగేంత సున్నితం. పద్దెనిమిదిలో నాలుగే బతికాయి. ఆ తెల్లటి గరుకు పొరను కేలస్ అంటారు. అది గాయం మానుతోందనే సూచన మాత్రమే, వేరు కాదు. కేలస్ వచ్చి వేరు రాకపోవచ్చు, కేలస్ లేకుండా వేరూ రావచ్చు. పారదర్శక గ్లాసులు వాడమన్నది ఇందుకే. వేరు గోడకు వచ్చి కనిపించేదాకా కొమ్మ మీద చెయ్యి వేయకండి. పైన కొత్త ఆకు విచ్చినా మోసపోవద్దు. కొమ్మలో నిల్వ ఉన్న ఆహారంతోనే అది వచ్చి ఉండొచ్చు.

వేర్ల పొడి దట్టంగా అద్దుతున్నానన్నారు. అందులో ఉండేది సాధారణంగా ఐబీఏ, అంటే ఇండోల్ బ్యుటిరిక్ యాసిడ్. మొక్కలో సహజంగా ఉండే ఆక్సిన్ అనే హార్మోను లాంటిది. దీనికి వేర్లు పుట్టించే గుణం ఉందని 1930ల మధ్యలోనే తేలింది. హార్మోను అంటే ఎరువు కాదు, ఎక్కువైతే మేలు పెరగదు. మోతాదు మించితే మొదలు మాడినట్టు నల్లబడుతుంది, వేర్లు అణగిపోతాయి. లేత కొమ్మలకు 0.1 శాతం పొడి, సగం ముదిరిన వాటికి 0.3, చెక్కబారిన కొమ్మలకు 0.8 శాతం వాడతారు. మీ డబ్బా మీద ఎంతుందో చూడండి. చెక్క కొమ్మల కోసం చేసిన పొడిని ఫిలోడెండ్రాన్ లేత కాడకు పట్టిస్తే అది తట్టుకోలేదు. నిజానికి మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్‌లకు పొడి అవసరమే లేదు. వాటి కణుపుల్లో వేరు మొలకలు ముందే సిద్ధంగా ఉంటాయి. పొడి వాడేటప్పుడు కొంచెం వేరే మూతలోకి తీసుకుని, మొదలు అద్ది, వేలితో తట్టి అదనంగా అంటింది రాల్చేయండి. మిగిలింది డబ్బాలో కలపొద్దు, తడి, తెగులు రెండూ లోపలికి వెళ్తాయి. దాల్చినచెక్క పొడి, తేనె వేరు హార్మోన్లని చెప్పేవాళ్లుంటారు. వాటిలో ఆ గుణం లేదు. ఉన్నదల్లా బూజును కాస్త అడ్డుకునే శక్తి.

కొమ్మ తీసే పద్ధతిలో రెండు మూడు మాటలు. ముందురోజు సాయంత్రం తల్లి మొక్కకు నీళ్లు పోసి, తెల్లవారాక ఎండ ఎక్కకముందే తీయండి. అప్పుడు కాడల్లో నీరు నిండుగా ఉంటుంది. పూత మీదున్న కొమ్మ వద్దు, తప్పకపోతే మొగ్గలు తుంచేయండి. రెండు మూడు కణుపులున్న ఎనిమిది నుంచి పన్నెండు సెంటీమీటర్ల ముక్క చాలు. కింది కోత కణుపుకు సరిగ్గా కింద పడాలి. కింది కోత ఏటవాలుగా, పై కోత అడ్డంగా వేస్తే తలా మొదలూ తారుమారు కావు. తలకిందులుగా గుచ్చిన కొమ్మ సాధారణంగా వేరు పట్టదు. బ్లేడును ప్రతి మొక్క దగ్గరా 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. నీళ్లలో కడిగితే సరిపోదు.

ఇక మీ మొక్కలు ఒక్కొక్కటీ చూద్దాం. అన్నింటినీ ఒకే ట్రేలో ఒకేలా చూశారు, సగం నష్టం అక్కడే జరిగింది.

సీసాలోని మాన్‌స్టెరా ఆకును బయటికి తీసి కాడ మొదలు పరీక్షగా చూడండి. ఆకు కాడ మాత్రమే ఉందా, లేక కాడ పుట్టుకొచ్చిన అసలు కాండపు ముక్క కూడా ఉందా? కాండపు ముక్క ఉంటే దాని మీద ఉంగరంలా ఒక గీత, గీత దగ్గర చిన్న బుడిపె, అంటే కన్ను, కనిపిస్తాయి. కన్ను ఉంటే చిగురు వస్తుంది, ఓపిక పట్టండి, మిశ్రమంలోకి మార్చండి. కన్ను లేకపోతే ఆ ఆకు వేర్లు పెంచుకుంటూ ఏళ్ల తరబడి పచ్చగా బతుకుతుంది గానీ మొక్క కాదు, ఎప్పటికీ కాదు. హృదయాకారపు హోయా ఆకును ఒంటిగా కుండీలో గుచ్చి ఇస్తుంటారే, దానిదీ ఇదే కథ. మాన్‌స్టెరా దక్షిణ మెక్సికో నుంచి పనామా వరకు ఉన్న అడవుల్లో చెట్లను పట్టుకుని ఎగబాకే తీగ. ప్రతి కణుపు దగ్గరా గాలి వేరు వదిలి తడి బెరడును పట్టుకుంటుంది. కాబట్టి ఒక కణుపు, ఒక గాలి వేరు, ఒక ఆకు ఉన్న ముక్క తీసుకుని, గాలి వేరును మిశ్రమంలో దించి, కన్నును పైకి తేల్చి పెట్టండి. ఈ జాతిలో ఇంతకంటే ఖాయమైన దారి లేదు. తెల్ల మచ్చల రకమైతే ఆకును చూసి కాక కాండాన్ని చూసి ఎంచుకోండి. కన్ను ఉన్న వైపు కాండం మీద తెలుపు, ఆకుపచ్చ చారలు రెండూ ఉండాలి. పూర్తిగా తెల్లటి చిగురు చూడముచ్చటగా ఉంటుంది, కానీ తన ఆహారం తాను చేసుకోలేదు.

పసుపు అంచు స్నేక్ ప్లాంట్ ఆకు ముక్కలు కుళ్లకుండా వేరు పట్టినా మీకు నిరాశే మిగిలేది. ఆ పసుపు అంచు వేరే జన్యు గుణమున్న కణాల పొర. ఆకు ముక్క నుంచి పుట్టే పిలక లోపలి కణాల నుంచి వస్తుంది కాబట్టి మామూలు ఆకుపచ్చ మొక్కే అవుతుంది. అంచు కావాలంటే దుంపను కోసి పిలకలు విడదీయడమే మార్గం.

యూఫోర్బియాను తేమ పెట్టెలో పెట్టడమంటే దాన్ని చంపడమే. ముళ్ల కిరీటంలా ఉండే మిలీ రకం మడగాస్కర్‌ది, దాని కాండంలోనే నీళ్లుంటాయి. చేతికి గ్లౌజులు వేసుకుని కోయండి. ఆ పాలు కంట్లో పడితే తీవ్రంగా మండుతుంది, చూపుకే ప్రమాదం. పాలు ఆగేదాకా మొదలును నీటిలో ముంచి, తర్వాత నీడలో గాలి తగిలేచోట వారం రోజులు ఆరబెట్టండి. కోత మీద పొలుసు కట్టాక దాదాపు పొడిగా ఉన్న ముతక ఇసుకలో పెట్టండి. మూత వద్దు, తడి వద్దు. వేరు పట్టేదాకా దాన్ని మరిచిపోయినట్టు ఉండటమే మంచిది.

రబ్బరు మొక్కకూ పాలు కారతాయి. గోరువెచ్చని నీటి ధార కింద అవి ఆగేదాకా పట్టి, తుడిచి, అప్పుడు గుచ్చండి. పెద్ద ఆకును సగానికి కత్తిరించే అలవాటు కొందరికి ఉంది. నేను కత్తిరించను. చుట్టి దారంతో వదులుగా కడతాను. ఆవిరి తగ్గుతుంది, ఆకు మిగులుతుంది. అయితే ఒక్కటే మొక్క ఉండి అది మీకు ప్రాణమైతే కొమ్మ కోయనే వద్దు, గాలి అంటు కట్టండి. పెన్సిలంత మందమున్న కొమ్మ మీద రెండు మూడు సెంటీమీటర్ల మేర బెరడు వలయంగా తీసి, తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచు చుట్టూ పెట్టి, పాలిథిన్‌తో పైనా కిందా బిగించండి. కొమ్మ తల్లి నుంచి నీరు తాగుతూనే ఉంటుంది. రెండు నెలలు అటూ ఇటుగా నాచులోంచి వేర్లు తెల్లగా కనిపిస్తాయి, అప్పుడు కోయండి. క్రోటన్‌కూ ఇది చక్కగా పనిచేస్తుంది.

ఉత్తరంలో లేకపోయినా, మీ సేకరణలో ఉండి ఉండొచ్చని ఇది కూడా రాస్తున్నాను. కలాథియా, అలొకేషియా ఆకులు గుచ్చి కూర్చోవద్దు. మొదటిది దుబ్బు విడదీస్తేనే వస్తుంది, రెండోది దుంపల నుంచి. ఒంటి కాండపు తాళ జాతి మొక్కలకు కొమ్మ పద్ధతే లేదు, ఉన్న ఒక్క మొవ్వ కోస్తే మొక్క పోతుంది. నార్‌ఫోక్ పైన్ పక్క కొమ్మ వేరు పడుతుంది గానీ, పక్క కొమ్మగానే అడ్డంగా పెరుగుతూ పోతుంది, నిటారుగా చెట్టు కాదు.

వేర్లు మూడు నాలుగు సెంటీమీటర్లు పెరిగి వాటికి పిల్ల వేర్లు వచ్చాక చిన్న కుండీలోకి మార్చండి. పెద్ద కుండీ వద్దు, తాగే వేర్లు లేని మట్టి తడిగానే ఉండిపోతుంది. పెట్టెలో పెరిగిన ఆకు మీది మైనపు పొర పలచగా ఉంటుంది, ఒక్కసారిగా బయట పెడితే గంటల్లో వాడిపోతుంది. మొదటి రోజు మూత గంటసేపు తెరవండి, మర్నాడు రెండు గంటలు, అలా పది రోజులు. కొత్త ఆకు పూర్తిగా విచ్చుకున్నాక ఎరువు నాలుగో వంతు మోతాదుతో మొదలుపెట్టండి. అంతకుముందు ఎరువు ఏ రూపంలోనూ వద్దు.

బంధువులు తెచ్చే కొమ్మల విషయం. మొక్కకు తెగుళ్లు, పురుగులు లేవని అక్కడి వ్యవసాయ శాఖ ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, మన వైపు దిగుమతి అనుమతి ఉంటే తప్ప వద్దని నా గట్టి మాట. బ్యాగులో దాచి తెచ్చిన ఒక్క కొమ్మలో కంటికి కనిపించని పురుగు గుడ్లు, వైరస్ ఉండొచ్చు. అవి మీ గ్రీన్‌హౌస్‌తో ఆగవు. అనుమతితో వచ్చిన మొక్కనైనా మిగతావాటికి దూరంగా నాలుగు వారాలు ఉంచి, ఆకుల వెనక రోజూ చూడండి.

ఈ వారం చేయాల్సిన పని చాలా తక్కువ. ట్రేలోని కోకోపీట్ మొత్తం బయట పారేయండి, మళ్లీ వాడొద్దు. ట్రేను ఒక వంతు బ్లీచు, తొమ్మిది వంతుల నీరు కలిపి కడిగి ఎండబెట్టండి. అన్ని రకాలూ ఒకేసారి కాకుండా మూడు ఫిలోడెండ్రాన్, మూడు క్రోటన్ కొమ్మలతో మొదలుపెట్టి, గ్లాసు మీద తేదీ రాయండి. ఫిలోడెండ్రాన్ మూడు వారాల్లో, క్రోటన్ నాలుగు నుంచి ఆరు వారాల్లో కబురు చెబుతాయి.

ఆ మిగిలిన రెండు హోయాలను మాత్రం జాగ్రత్తగా, చుట్టూ ఉన్న కోకోపీట్ ముద్దతో సహా ఎత్తి చూడండి. మొదలు గట్టిగా, లేత ఆకుపచ్చగా ఉంటే కొత్త మిశ్రమంలోకి మార్చి పెట్టెలో పెట్టండి. నల్లటి భాగం కొద్దిగా ఉంటే, కోత లోపల మచ్చ లేకుండా శుభ్రంగా కనిపించేదాకా పైకి కోసి, గంటసేపు ఆరనిచ్చి మళ్లీ గుచ్చండి. వాటి మీద పాత పూల కాడ మోడులా మిగిలి ఉంటే తీయకండి. హోయా మళ్లీ అదే కాడ మీద పూస్తుంది.